ఆవిరి రైల్‌కార్ మోడల్‌లో మోటారు ఎక్కడ పెట్టాలి?

మోడల్ రైళ్లు కట్టేవాళ్లకు మామూలుగా ఒక సౌకర్యం ఉంటుంది. మోటారు, గేర్లు, తూకం కోసం వేసే సీసం ముక్కలు, వైర్లు అన్నీ ఇంజను బాయిలర్ లోపల సర్దేయొచ్చు. వెనక పెట్టెలు తేలిగ్గా, ఖాళీగా ఉంటాయి. వాటిలో సీట్లు, మనుషుల బొమ్మలు, లైట్లు మన ఇష్టం. ఆవిరి రైల్‌కార్ దగ్గరికి వచ్చేసరికి ఈ సౌకర్యం పోతుంది. అక్కడ ఇంజనూ పెట్టే ఒకటే. పొడుగునా కిటికీలు, ఒక వైపు నుంచి చూస్తే అవతలి వైపు కనపడాలి. మరి మోటారు ఎక్కడ పెట్టాలి?

పైకి చిన్న ప్రశ్నలా ఉంటుంది కానీ, ఈ మోడల్‌లో మిగతా చిక్కులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. అసలు రైల్‌కార్లను నడిపిన రైల్వే కంపెనీలు కూడా ఇదే చిక్కులో పడ్డాయి. ఇంజన్ని, పెట్టెని కలిపేస్తే ఖర్చు తగ్గుతుందనుకున్నారు. ఆ కలపడమే చివరికి వాటికి ఎసరు పెట్టింది. అందుకే మోడల్ గురించి మాట్లాడే ముందు అసలు బండి ఎలా పనిచేసిందో తెలుసుకోవాలి.

అసలు బండి కథ

ఆలోచన పాతదే. 1847లో ఇంగ్లండ్‌లో జేమ్స్ శామ్యూల్ అనే ఇంజనీర్ కోసం విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ ‘ఎక్స్‌ప్రెస్’ అనే చిన్న ఆవిరి బండి తయారుచేశాడు. మరుసటి ఏడాది ‘ఫెయిర్‌ఫీల్డ్’ వచ్చింది. అవి ఎక్కువ కాలం నిలవలేదు. అసలైన ఊపు 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది, కారణం ఎలక్ట్రిక్ ట్రాములు. ఊళ్ల మధ్య తక్కువ దూరాలు తిరిగే జనం ట్రాముల వైపు మళ్లుతుంటే, పెద్ద ఇంజను, నాలుగైదు పెట్టెలు, గార్డు, స్టేషన్ సిబ్బంది అంతా పెట్టుకుని నడిపే రైలు కంపెనీలకు బరువైపోయింది.

గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1903 అక్టోబర్ 12న గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ లోయలో, చాల్‌ఫర్డ్, స్టోన్‌హౌస్ మధ్య ఆవిరి రైల్‌మోటార్లు (రైల్‌కార్లకు ఆ కంపెనీ వాడిన పేరు) మొదలుపెట్టింది. అప్పుడు ఆ కంపెనీ లోకోమోటివ్ విభాగానికి పెద్ద జార్జ్ జాక్సన్ చర్చ్‌వర్డ్. దారి పొడుగునా చిన్న చిన్న హాల్టులు కట్టారు. టికెట్లు బండిలోనే కండక్టర్ ఇచ్చేవాడు. జనం విపరీతంగా ఎక్కారు. 1908 దాకా కంపెనీ 99 రైల్‌మోటార్లు తయారుచేసింది. చివరివి 1935లో సర్వీసు నుంచి తప్పుకున్నాయి.

వాటి నిర్మాణం శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే మోడల్ చేసేవాళ్లకు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఈ వ్యాసంలో బోగీ అంటే ప్రయాణికుల పెట్టె కాదు, పెట్టె కింద ఇరుసులతో కలిసి తిరిగే చట్రం. రైల్‌మోటార్‌కు అలాంటివి రెండు. ఒకటి మామూలుది. రెండోది ఇంజను బోగీ: నాలుగు చక్రాలు, రెండు వైపులా సిలిండర్లు, బయటికి కనపడే రాడ్లు, వాటి పైన నిలువు బాయిలర్. బాయిలర్ నిలువుగా ఎందుకంటే, అడ్డంగా పడుకోబెడితే సగం పెట్టె అదే తినేస్తుంది. నిలబెడితే కొద్ది అడుగుల్లో సరిపోతుంది, పొగగొట్టం నేరుగా పైకప్పులోంచి బయటికి వస్తుంది. మలుపులో బోగీ తిరిగితే దానితో పాటు బాయిలరూ తిరుగుతుంది. పెట్టె గోడలు మాత్రం కదలవు.

డ్రైవర్ రెండు చివర్ల నుంచీ నడపగలడు. ఇంజను వెనక ఉన్నప్పుడు అతను ముందు చివర నిలబడి, పెట్టె పొడుగునా వెళ్లే కడ్డీల ద్వారా రెగ్యులేటర్ (సిలిండర్లకు వెళ్లే ఆవిరిని తగ్గించి పెంచే మీట) తిప్పేవాడు. ఫైర్‌మన్ బాయిలర్ దగ్గరే ఉండి బొగ్గు, నీళ్లు చూసుకునేవాడు. చివరికి చేరాక ఇంజన్ని విప్పి అటు నుంచి ఇటు మార్చే పనే లేదు. ఇదొక్కటే చాలు, ఆ రోజుల్లో ఎంత సమయం మిగిలిందో ఊహించుకోవచ్చు.

ఇంత బాగుంటే ఎందుకు మూలపడ్డాయి? జనం పెరిగారు. ఇంకో పెట్టె తగిలిద్దామంటే ఆ చిన్న ఇంజనుకు శక్తి చాలదు, ఎత్తు దారుల్లో మరీ కష్టం. బాయిలర్ కడగాలన్నా, ఇంజను బాగుచేయాలన్నా ప్రయాణికుల పెట్టె కూడా పని లేకుండా నిలబడిపోవాలి. శుభ్రంగా ఉండాల్సిన సీట్లు బొగ్గు దుమ్ముతో నిండిన ఇంజను షెడ్డులో రాత్రంతా గడపాలి. పైగా సిలిండర్ల కుదుపు నేరుగా ప్రయాణికులకు తగిలేది. చివరికి కంపెనీ వేరే దారి పట్టింది. ఒక చిన్న ట్యాంక్ ఇంజను (నీళ్లు, బొగ్గు తన మీదే మోసుకెళ్లేది), దానికి చివర డ్రైవర్ గది ఉన్న ‘ఆటోకోచ్’ జోడించారు. రైల్‌మోటార్ సౌకర్యం ఉంటుంది, ఇంజన్ని మాత్రం కావాలంటే విప్పుకోవచ్చు. చాలా రైల్‌మోటార్ల నుంచి ఇంజను బోగీలు తీసేసి వాటినే ఆటోకోచ్‌లుగా మార్చేశారు.

కొలతలు చెప్పే నిజం

బ్రిటిష్ మోడల్ రైల్వేల్లో ఎక్కువమంది వాడేది ఓఓ అనే స్కేలు. అంటే అసలు బండిలో ఒక అడుగుకు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు, 1:76.2 నిష్పత్తి. రైల్‌మోటార్లలో పొడుగువి 70 అడుగులు, కాబట్టి మోడల్ 280 మిల్లీమీటర్లు. మొదటి రెండు బండ్లు 57 అడుగులవి, అవి 228 మిల్లీమీటర్లు వస్తాయి. యూరప్‌లో వాడుకలో ఉన్న హెచ్‌ఓ 1:87 కాబట్టి అదే 70 అడుగుల బండి దాదాపు 245 మిల్లీమీటర్లు ఉంటుంది.

ఓఓలో పాత లోపం ఒకటుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అసలు పట్టాల దూరం 1435 మిల్లీమీటర్లు, 1:76.2కి లెక్క కడితే 18.83 రావాలి. అంటే పెట్టె సరైన వెడల్పులో ఉంటుంది, చక్రాలు మాత్రం లోపలికి జరిగి ఉంటాయి. మామూలు పెట్టెలో ఇది పెద్దగా కంటికి కనపడదు. రైల్‌మోటార్‌లో సిలిండర్లు, రాడ్లు చక్రాల బయట ఉన్నాయి కాబట్టి చక్రానికీ రాడ్‌కూ మధ్య ఖాళీ ఎక్కువై తేడా తెలిసిపోతుంది. ఇది భరించలేనివాళ్లు 18.2 మిల్లీమీటర్ల ఈఎం కానీ, 18.83 మిల్లీమీటర్ల పీ4 కానీ ఎంచుకుంటారు. అయితే అక్కడ పట్టాలు, చక్రాలు చాలావరకు సొంతంగా కట్టుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఓఓలోనే ఉండమని. ఈ బండిలో పడాల్సిన కష్టం వేరే చోట చాలా ఉంది.

ఆ వేరే చోటు మలుపు. ఇంట్లో టేబుల్ మీద పట్టాలు వేసుకునేవాళ్లు వాడే ఒక సాధారణ మలుపు వ్యాసార్ధం 438 మిల్లీమీటర్లు. దాన్ని అసలు కొలతకు పెంచితే 33 మీటర్ల చిల్లర. అసలు రైల్‌మోటార్‌ను ఎవరూ అంత గట్టి మలుపులో తిప్పేవాళ్లు కాదు. మోడల్‌లో రెండు బోగీల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అనుకుందాం. ఈ మలుపులో పెట్టె మధ్య భాగం పట్టాల మధ్యగీత నుంచి 11 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది, చివర్లు దాదాపు అంతే బయటికి వస్తాయి. ప్లాట్‌ఫాం అంచు, సిగ్నల్ స్తంభం, పక్క లైన్లో రైలు, ఏదో ఒకటి తగులుతుంది.

అది ప్లాట్‌ఫాం జరిపితే తీరే సమస్య. తీరనిది బోగీ లోపల ఉంది. అదే మలుపులో ప్రతి బోగీ పెట్టెకు 13 డిగ్రీలు తిరగాలి. అసలు బండి 200 మీటర్ల మలుపులో తిరిగేది రెండు డిగ్రీల చిల్లరే. తిరిగే కేంద్రం నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో సిలిండర్ ఉందనుకుంటే, 13 డిగ్రీలకు అది పక్కకి నాలుగున్నర మిల్లీమీటర్లు కదులుతుంది. అసలు కొలతలో ఇది ఒక అడుగు పైమాటే. ఆ దారిలో పెట్టె అంచు, మెట్లు, నీళ్ల ట్యాంకు, గొట్టాలు అన్నీ ఉన్నాయి. కాబట్టి తయారీదారు ఏదో ఒకటి కోసేయాలి: మెట్లను కొంచెం బయటికి జరపాలి, సిలిండర్ లోపలి వైపు చెక్కేయాలి, లేదా పెట్టె అంచులో కనపడకుండా కొంత తీసేయాలి. తయారై వచ్చే మోడళ్ల అట్టపెట్టెల మీద ‘కనీస వ్యాసార్ధం’ అని రాసేది ఈ రాజీ ఎక్కడ కుదిరిందో చెప్పడానికే. సొంతంగా కట్టుకునేవాళ్లు 600, 750 మిల్లీమీటర్ల మలుపులు వేసుకోగలిగితే ఈ రాజీల్లో సగం అక్కర్లేదు. స్థలం ఉన్నవాళ్లు బండి మీద డబ్బు పెట్టే ముందు మలుపు మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

మోటారుకు మూడు చోట్లు

మొదటి దారి: ఇంజను బోగీని ఉత్త అలంకారంగా వదిలేసి, అవతలి చివర మామూలు బోగీలో మోటారు పెట్టడం. నేల కింద ఒదిగిపోయే రెడీమేడ్ మోటారు బోగీలు దొరుకుతాయి. జపాన్ కంపెనీ టెన్‌షోడో చేసిన ‘స్పడ్’ పేరు పాతకాలం మోడలర్లందరికీ తెలుసు. కిటికీల్లోంచి ఏమీ కనపడదు, కట్టడం సులువు. కానీ ఇంజను బోగీ చక్రాలు పట్టా రాపిడితోనే తిరగాలి. వాటికి సిలిండర్లు, రాడ్లు అన్నీ తగిలించి ఉన్నాయి కాబట్టి ఎక్కడ కాస్త బిగిసినా చక్రాలు తిరగకుండా జారుతూ వస్తాయి. ఆవిరి ఇంజను చక్రాలు తిరగకుండా జారుతూ వెళ్లడం కంటే ఘోరమైన దృశ్యం ఈ అభిరుచిలో లేదు.

రెండో దారి: పెట్టెలో సామాన్ల గది గోడల వెనక మోటారు పడుకోబెట్టి, అక్కడి నుంచి సన్నని షాఫ్ట్‌తో బోగీకి శక్తి పంపడం. పెద్ద మోటారు, ఫ్లైవీల్ (కుదుపులు తగ్గించే బరువైన చక్రం) రెండూ పడతాయి, నడక మెత్తగా ఉంటుంది. అయితే ఆ షాఫ్ట్ 13 డిగ్రీలు అటూ ఇటూ తిరిగే బోగీకి అందాలి కాబట్టి కీళ్లు కావాలి. పైగా అన్ని రైల్‌మోటార్లలో సామాన్ల గది ఉండదు.

మూడోది నాకు ఇష్టమైనది. నిలువు బాయిలర్‌నే వాడుకోవడం. అసలు బండిలో బాయిలర్ బోగీ మీదే కూర్చుని దానితో పాటు తిరుగుతుంది కదా. మోడల్‌లో కూడా బాయిలర్ గొట్టం లోపల 10, 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న సన్నని కోర్‌లెస్ మోటారును (తిరిగే భాగంలో ఇనుము లేని చిన్న మోటారు) నిలువుగా నిలబెట్టి, కింద వార్మ్ గేర్‌తో (మర మేకులా ఉండే గేరు) ఇరుసుకు కలిపితే, షాఫ్టులు, కీళ్లు ఏమీ అక్కర్లేదు. కిటికీలోంచి చూసేవాళ్లకు కనపడేది బాయిలరే. ఇబ్బంది ఒక్కటే. మోటారు చిన్నది కాబట్టి రాడ్లు ఏమాత్రం బిగుసుకోకుండా తిరిగేలా పని శుద్ధంగా ఉండాలి. రైల్‌కార్ ఎప్పుడూ పది పెట్టెలు లాగదు, మహా అయితే ఒకటి. అందుకే చిన్న మోటారు చాలు.

ఏ దారి పట్టినా తూకం సంగతి మరవకూడదు. నడిపించే బోగీ మీద బరువు ఉండాలి, అవతలి చివర తేలిగ్గా ఉండాలి. పైకప్పును వైట్‌మెటల్‌తో (తేలిగ్గా కరిగే బరువైన మిశ్రలోహం) పోతపోసిన పాత కిట్లు మలుపులో ఒరుగుతాయి. పైభాగం రెసిన్‌లోనో, పల్చటి ఇత్తడి రేకులోనో ఉంటే మంచిది. ఒక బోగీ ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగేలా, రెండోది పక్కలకు కూడా ఊగేలా అమరిస్తే, పట్టాలు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఎనిమిది చక్రాలూ ఆనుకునే ఉంటాయి.

ఇక్కడ రైల్‌కార్‌కు ఒక పెద్ద లాభం కూడా ఉంది. చిన్న ట్యాంక్ ఇంజన్లు పట్టాలు చీలే చోట, కరెంటు లేని ముక్క మీద టక్కున ఆగిపోతుంటాయి. రైల్‌కార్ రెండు బోగీల నుంచీ కరెంటు తీసుకుంటే, ఒకటి ఆ ముక్క మీద ఉన్నప్పుడు 200 మిల్లీమీటర్ల దూరంలో రెండోది మంచి పట్టా మీద ఉంటుంది. వేళ్లతో తోయాల్సిన పని రాదు. అందుకే రెండు బోగీల మధ్య వైర్లు లాగడానికి బద్ధకించకూడదు.

రెండు పాయింట్ ఏడు మిల్లీమీటర్లు

గ్రేట్ వెస్టర్న్ తన పెద్ద ఇంజన్లలో ఎక్కువగా స్టీఫెన్‌సన్ రకం వాల్వ్ గేర్ (సిలిండర్లలోకి ఆవిరిని వదిలే వాల్వులను కదిపే రాడ్ల అమరిక) వాడి లోపల దాచేసేది. రైల్‌మోటార్లకు మాత్రం వాల్‌షార్ట్స్ గేర్ బయటే పెట్టింది. సిలిండర్ వ్యాసం 12 అంగుళాలు, పిస్టన్ కదలిక 16 అంగుళాలు. 4 మిల్లీమీటర్ల స్కేల్‌లో ఆ కదలిక 5.3 మిల్లీమీటర్లు. క్రాంక్ పిన్ (రాడ్‌ను చక్రానికి తగిలించే మేకు) చక్రం మధ్య నుంచి అందులో సగం, 2.7 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. చక్రం వ్యాసం 16 మిల్లీమీటర్లు.

ఈ కొలతల్లో కనెక్టింగ్ రాడ్, కప్లింగ్ రాడ్, రిటర్న్ క్రాంక్, ఎక్సెంట్రిక్ రాడ్, ఎక్స్‌పాన్షన్ లింక్, రేడియస్ రాడ్, కాంబినేషన్ లివర్ అన్నీ ఉండాలి, అన్నీ కదలాలి. ఒక్కో కీలు దగ్గర వేసే రివెట్ ఒక మిల్లీమీటర్ ఉంటే పెద్దది కింద లెక్క. టంకం వేసేటప్పుడు కొంచెం కారి కీలులోకి పోతే అంతే సంగతులు. అందుకే రెండు రాడ్ల మధ్య నూనె రాసిన సన్నని కాగితం పెట్టి టంకం వేస్తారు. టంకం కాగితాన్ని దాటి పోదు, తర్వాత కాగితం లాగేస్తే రాడ్లు హాయిగా కదులుతాయి. రెండు వైపుల క్రాంకులు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో ఉండాలి. రెండు ఇరుసుల్లో ఆ తేడా అచ్చంగా ఒకేలా లేకపోతే ప్రతి చుట్టులో ఒకసారి బండి కుంటుతుంది. మోటారు బలం పెంచి ఆ కుంటును దాచాలని చూడొద్దు. బోగీని మోటారు లేకుండా అద్దం పలక మీద పెట్టి వేలితో నెట్టి చూడాలి. అక్కడ మెత్తగా వెళ్తేనే మోటారు బిగించాలి.

ఇంత తలనొప్పి వద్దనుకునేవాళ్లకు వేరే రైల్‌కార్లు ఉన్నాయి. 1920ల్లో ష్రూస్‌బరీకి చెందిన సెంటినెల్ కంపెనీ, క్యామెల్ లెయిర్డ్ కంపెనీతో కలిసి చేసిన రైల్‌కార్లను లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే చాలా కొని, వాటికి పాత గుర్రపు కోచ్‌ల పేర్లు పెట్టింది. వాటిలో సిలిండర్లు బయటికి కనపడవు, చక్రాలకు శక్తి గొలుసులతోనో గేర్లతోనో వెళ్తుంది. మోడల్‌కు రెడీమేడ్ మోటారు బోగీ సరిగ్గా నప్పుతుంది. స్విట్జర్లాండ్‌లో ఊరికాన్ బౌమా రైల్వే కోసం 1902లో ఎస్‌లింగెన్ ఫ్యాక్టరీ చేసిన రెండు ఇరుసుల రైల్‌కార్ ఇంకా భద్రంగా ఉంది. దానికి బోగీలే లేవు, కాబట్టి తిరిగే సమస్యే లేదు. అయినా చేయి తిరిగినవాళ్లు చివరికి గ్రేట్ వెస్టర్న్ బండి దగ్గరికే వస్తారు. నడుస్తున్నప్పుడు ఆ రాడ్ల కదలిక చూసి మనసు పారేసుకోనివాళ్లు అరుదు.

శబ్దం, వేగం, ఆవిరి

ఇప్పుడు డిజిటల్ కంట్రోల్‌తో పాటు సౌండ్ చిప్ కూడా మామూలైపోయింది. చాలామంది ఏదో ఒక ట్యాంక్ ఇంజను శబ్దం వేసేసి సరిపెడతారు. ఇది తప్పు. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ‘ఛఫ్’లు (సిలిండర్ నుంచి ఆవిరి బయటికి వచ్చే శబ్దం). నాలుగు అడుగుల చక్రం చుట్టుకొలత 3.83 మీటర్లు. గంటకు 30 మైళ్ల వేగంలో సెకనుకు మూడున్నర చుట్లు, అంటే 14 ఛఫ్‌లు. అదే వేగంలో 6 అడుగుల 8½ అంగుళాల చక్రాలున్న ఎక్స్‌ప్రెస్ ఇంజను ఎనిమిదిన్నరకు మించదు. రైల్‌మోటార్ శబ్దం విడివిడి దెబ్బల్లా కాకుండా గుక్క తిప్పుకోని గరగరలా వినపడాలి. చిప్ సెట్టింగుల్లో ఈ లెక్క సరిచేయడానికి పది నిమిషాలు పట్టదు.

వేగం కూడా అంతే. గంటకు 30 మైళ్లంటే ఓఓలో సెకనుకు పదిహేడున్నర సెంటీమీటర్లు. ఒక మీటర్ దాటడానికి ఆరు సెకన్లకు కాస్త తక్కువ. మనం నడిపే మోడళ్లలో ఎక్కువ భాగం దీనికి రెట్టింపు వేగంతో పరిగెడుతుంటాయి.

నిజమైన ఆవిరితో నడపొచ్చా అని చాలామంది అడుగుతారు. 1:32 లాంటి పెద్ద స్కేళ్లలో, 45 మిల్లీమీటర్ల పట్టాల మీద నడుపుతారు. ఓఓలో ఆవిరి ఇంజను అసాధ్యం కాదు. 2003లో మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ ‘మాలార్డ్’ అనే ఇంజన్ని అలా తెచ్చింది, నీళ్లను కరెంటుతో వేడిచేస్తూ. కానీ చిన్న బాయిలర్‌కు ప్రకృతి సహకరించదు. 76 వంతులు తగ్గిస్తే నీళ్లు పట్టే చోటు నాలుగు లక్షల నలభై వేల వంతులు తగ్గుతుంది, వేడి పోయే ఉపరితలం 5,800 వంతులే తగ్గుతుంది. ఉన్న కాసిని నీళ్లు ఇట్టే చల్లారిపోతాయి. దానికి ప్లాస్టిక్ కిటికీల పెట్టెను కూడా తగిలించడం మంచి ఆలోచన కాదు.

రంగు వేసే ముందు

ఏ సంవత్సరంలో బండి కావాలో ముందు తేల్చుకోవాలి. గ్రేట్ వెస్టర్న్ పెట్టెలు 1908 దాకా చాక్లెట్, క్రీమ్ రంగుల్లో ఉన్నాయి. తర్వాత నిండా గోధుమ రంగు. 1912 నుంచి ముదురు ఎరుపు. 1922లో మళ్లీ చాక్లెట్, క్రీమ్. అందరికీ చాక్లెట్, క్రీమే ఇష్టం కాబట్టి మోడళ్లన్నీ ఆ రంగులోనే కనపడతాయి. దాని పక్కన 1915 నాటి ఇంజన్లు, స్టేషన్ బోర్డులు పెడితే తెలిసినవాళ్ల కంట్లో నలుసులా ఉంటుంది. నేనైతే 1912 తర్వాతి ముదురు ఎరుపునే ఎంచుకుంటాను. పెట్టె గోడల మీది సన్నని ప్యానెల్ చట్రాలు ఆ రంగులో ఎంత బాగా తేలతాయో ఫొటోల కంటే ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది.

లోపల డ్రైవర్ బొమ్మ విషయంలోనూ జాగ్రత్త కావాలి. రెండు చివర్లా ఒక్కో డ్రైవర్‌ని నిలబెట్టిన మోడళ్లు కనిపిస్తుంటాయి. బండికి ఒక్కడే డ్రైవర్. ఎక్కువగా ఏ వైపు నడిపి చూపిస్తారో ఆ చివర డ్రైవర్‌ని, బాయిలర్ దగ్గర ఫైర్‌మన్‌ని పెడితే చాలు.

ఆ 99 బండ్లలో ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. 1908లో తయారైన 93వ నంబరు ఇంజను పోగొట్టుకుని 212వ నంబరు ఆటోకోచ్‌గా మారి చాలా ఏళ్లు తిరిగింది. డిడ్‌కాట్‌లోని గ్రేట్ వెస్టర్న్ సొసైటీ దానికి కొత్త ఇంజను బోగీ, బాయిలర్ అమర్చి 2011లో మళ్లీ ఆవిరి మీద నడిపింది. మోడలర్లకు కొలతలు, ఫొటోలు తీసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు. ఇంజను బోగీ కట్టే ధైర్యం ఇంకా రానివాళ్లు అదే కిట్‌ను 212గా కట్టుకోవచ్చు. అప్పుడు ఇంజను గది ఉన్న చోట గోడ మారుతుంది, పొగగొట్టం ఉండదు, రెండు బోగీలూ మామూలువే. మోటారు వెనక ట్యాంక్ ఇంజనులోకి వెళ్లిపోతుంది. గ్రేట్ వెస్టర్న్ ఒక ఇంజనుకు రెండు వైపులా రెండేసి ఆటోకోచ్‌ల దాకా తగిలించేది కాబట్టి, తర్వాత ఇంకో మూడు కట్టుకున్నా బండి చరిత్రకు విరుద్ధంగా ఏమీ ఉండదు.